ముక్కలన్నీ ఏరిన తరువాత



పిల్లల చేతిలో ఏదైనా వస్తువు విరిగితే మన ఇండ్లలో సాధారణముగా రెండు మాటలు వినబడతాయి. "ఎవడురా పగలగొట్టినది?" అనేది మొదటి మాట. "పోనీ, తీసి అవతల పారేయండి" అనేది రెండవ మాట. ఏది విరిగినది, ఎంతవరకు విరిగినది, ఏది మిగిలినది అని నిదానముగా చూసేవారు తక్కువ. అలా చూడడము ఎంత అవసరమో గత వేసవిలో ఒక చిన్న విమానము మా ఇంటిల్లిపాదికి నేర్పినది. పల్లెటూరి వారికి విమానము సంగతి ఎందుకని అనుకోవద్దు. ఇది బాల్సా కర్ర, జిగురు, సన్నని ప్లాస్టిక్ పొరతో చేసిన విమానము. బరువు 1300 గ్రాములు మాత్రమే.

మా అక్కగారి అబ్బాయి ఇంజనీరింగు చదువుతున్నాడు. సెలవులకు వస్తూ దానిని పెద్ద అట్టపెట్టెలో జాగ్రత్తగా తెచ్చాడు. ఒకదాని మీద ఒకటిగా రెండు వరుసల రెక్కలు ఉండే ఇటువంటి విమానమును బైప్లేన్ అంటారు. దీని రెక్క ఈ కొన నుండి ఆ కొనకు 120 సెంటీమీటర్లు. ముక్కున బ్యాటరీతో తిరిగే మోటారు, దానికి పంకా ఉన్నవి. ఎగురవేసేవాని చేతిలో రిమోట్ ఉంటుంది. అందులోని పుల్లలను కదిలిస్తే ఆ సంకేతము రేడియో ద్వారా విమానములోని రిసీవరుకు చేరుతుంది. రిసీవరు చెప్పినట్లు, సర్వోలు అనే అగ్గిపెట్టెంత మోటార్లు తోకలోని చుక్కానిని, రెక్కల వెనుక అంచున ఉండే పలకలను అటూ ఇటూ తిప్పుతాయి.

అయితే ఆ విమానములో మా కుటుంబమునకు ముఖ్యమైనది మోటారు కాదు. రెక్క లోపల అడ్డముగా వరుసకట్టి నిలిపే పలుచని చెక్కముక్కలు ఉంటాయి. వాటిని పక్కటెముకలు అంటారు. రెక్కకు ఆ గుండ్రని ఆకారము వాటివలననే వస్తుంది. ఈ విమానములో అవి 36. వాటిలో కింది రెక్కకు చెందిన 18 ముక్కలు మా బావగారు స్వయముగా కోసినవి. ఆయన వడ్రంగి. 2020 లో లాక్‌డౌన్ వలన పనులు లేని రోజులలో కొడుకు అడిగితే, ప్లాను కాగితము ముందు పెట్టుకొని, ద్వారబంధాలు బిగించిన ఆ చేతులతోనే 2 మిల్లీమీటర్ల మందము చెక్కను సన్నరంపముతో కోసి, ఉప్పుకాగితముతో రుద్ది ఇచ్చారు. 2021 మే నెలలో కరోనాతో ఆయన మమ్మల్ని విడిచి వెళ్లారు. ఆ 18 ముక్కలు బిస్కెట్ల డబ్బాలో రెండేండ్లకు పైగా ఉండిపోయినవి. కాలేజీలో చేరిన తరువాత అబ్బాయి స్నేహితుల సహాయముతో మిగిలిన పని పూర్తిచేశాడు.

మా ఊరిలో మినుము పీకిన తరువాత చేలు ఖాళీగా ఉంటాయి. కరెంటు తీగలు, మనుషులు, పశువులు లేని చోటు చూసుకొని, గాలి తగ్గిన సాయంత్రము పిల్లలు విమానము ఎగురవేశారు. మూడు రోజులు చక్కగా ఎగిరినది. నాలుగవ రోజు మా చిన్నవాడు, పదమూడేండ్లవాడు, "బావా, ఒక్కసారి నాకియ్యవా" అని బతిమాలితే వాడి బావ రిమోట్ చేతికిచ్చాడు. దిగే సమయమునకు మోటారు వేగము తగ్గించారు. గట్టు దాటకముందే నేలకు తగులుతుందేమోనని మావాడు భయపడి ముక్కును పైకి ఎత్తాడు.

చూసేవారికి అది సరియైన పనే అనిపిస్తుంది. కాని రెక్కను గాలి మోయాలంటే రెండు కావాలి. చాలినంత వేగము ఉండాలి, రెక్క మరీ నిక్కి ఉండకూడదు. బైప్లేనుకు రెండు రెక్కలు, వాటి మధ్య నిట్రాళ్ళు ఉండుటచేత గాలి ఎక్కువగా అడ్డగిస్తుంది. మోటారు తగ్గించగానే వేగము ఇట్టే పడిపోతుంది. ఆ సమయములో ముక్కు ఎత్తితే రెక్క మీదుగా పారే గాలి చెదిరిపోయి, ఎత్తి పట్టే బలము ఒక్కసారిగా తగ్గుతుంది. దీనిని స్టాల్ అంటారు. ఎడమ రెక్క ఒరిగినది, ముక్కు కిందికి తిరిగినది, విమానము గట్టుకు కొట్టుకున్నది.

మావాడు రిమోట్ అక్కడే పెట్టి పరుగెత్తి, మందిరము వెనుక వేపచెట్టు కింద కూర్చున్నాడు. మా మేనల్లుడు ఒక్క మాట తిట్టలేదు. మేము దగ్గరకు వెళ్లేసరికి రెక్కను చేతిలో పట్టుకొని, "నాన్న కోసిన రెక్కే పోయింది మామయ్యా" అన్నాడు.

ఆ సాయంత్రము మేము చేసినది ఒక్కటే. ముందుగా బ్యాటరీ తీగ ఊడదీయించాము. తీగ ఉన్నంతసేపు పంకా ఎప్పుడైనా తిరగవచ్చు, తిరిగితే వ్రేళ్ళు తెగుతాయి. బ్యాటరీ ఒక మూల నొక్కుకొనిపోయి ఉన్నది. లిథియం బ్యాటరీ నొక్కుకొనినా, ఉబ్బినా తరువాత ఎప్పుడైనా మంటలు లేవవచ్చును. అటువంటి దానిని మరల ఛార్జింగు పెట్టకూడదు, ఇంటిలో ఉంచకూడదు. ఇసుక పోసిన కుండలో పెట్టి పెరటిలో దూరముగా ఉంచాము. తరువాత పాత దుప్పటి పరచి, టార్చిలైటు వేసి, పడినచోట ఉన్న ముక్కలన్నీ ఏరాము. గోరంత చీలిక కూడా విడిచిపెట్టలేదు. బాల్సా తిన్నగా విరగదు, పళ్ళుపళ్ళుగా విరుగుతుంది. ఆ పళ్ళు ఉంటేనే ముక్క తన చోటులో సరిగా కూర్చుంటుంది. అందుకే విరిగిన అంచును చదును చేయకూడదు.

ముక్కలు పెట్టెలోనికి చేరినవి గాని ఇంటిలో మాట పెగలలేదు. మూడు రోజులు బావా బామ్మర్దులు ఒకరి ముఖము ఒకరు చూడలేదు. ఒకడు తిన్న తరువాత ఇంకొకడు తినేవాడు. ఫోనులో మా అక్కగారు, "ఆయన పోయాక ఆ చెక్కముక్కల జోలికి పోవద్దని వాడికి చెప్పాను తమ్ముడూ. విన్నాడా? ఇంక దాన్ని పొయ్యిలో పెట్టి చదువుకోమను" అన్నది. ఆ మాటలో ఉన్నది కోపము కాదని మాకు తెలుసు.

నాలుగవ రాత్రి ఇద్దరినీ ఒకేసారి అన్నానికి కూర్చోబెట్టి రైట్ సోదరుల సంగతి చెప్పాము. వారు బిషప్ మిల్టన్ రైట్ గారి కుమారులు. 1878 లో ఆ తండ్రి పిల్లల కొరకు వెదురు, బెండు, కాగితము, రబ్బరు పట్టీతో చేసిన ఎగిరే బొమ్మ ఒకటి ఇంటికి తెచ్చాడు. అప్పటికి విల్బర్‌కు 11 ఏండ్లు, ఆర్విల్‌కు 7. బొమ్మ విరిగిపోయినది. పిల్లలు దానిని చూసి తామే మరొకటి చేసుకున్నారు. తల్లి సూసన్ పనిముట్లు పట్టుటలో నేర్పరి. తండ్రి పుస్తకాలు, తల్లి చేతిపని, రెండూ ఆ ఇంటిలో ఉండేవి.

ఇరవై ఐదేండ్ల తరువాత వారు చేసిన విమానము కూడా బైప్లేనే. 1903 డిసెంబరు 14 న మొదట ఎవరు ఎగరాలో నాణెము ఎగురవేసి చూస్తే విల్బర్ గెలిచాడు. పట్టా విడిచి లేవగానే ముక్కును మరీ నిటారుగా ఎత్తాడు. విమానము వేగము కోల్పోయి మూడున్నర సెకన్లలో ఇసుకలో పడినది. ముందు భాగములు విరిగినవి. ఇంటికి వ్రాసిన ఉత్తరములో విల్బర్ గాలిమీదా ఇంజనుమీదా నెపము వేయలేదు, ముక్కు త్వరగా ఎత్తడమే కారణమని తేల్చాడు. కారణము తెలిసినది గనుక ఏమి బాగుచేయాలో, ఏమి మార్చనక్కరలేదో తెలిసినది. రెండు రోజులలో బాగుచేసుకొని 17 వ తేదీన ఎగిరారు. మొదట ఆర్విల్ 12 సెకన్లు, 120 అడుగులు. నాలుగవసారి విల్బర్ 59 సెకన్లు, 852 అడుగులు.

మావాడు తల ఎత్తి, "ఆయన కూడా నాలాగే ముక్కు ఎత్తేశాడా?" అని అడిగాడు. "అవును, అదే పని" అన్నాడు వాడి బావ. మూడు రోజుల తరువాత వారి మధ్య నడిచిన మొదటి మాట అది.

మరునాడు వరండాలో చాప వేసి పెట్టె విప్పాము. జిగురు సీసా మూత ఆ రోజు తీయలేదు. కాగితము మీద మూడు గళ్ళు గీసి, బాగున్నవి, అతకదగినవి, మార్చవలసినవి అని వ్రాసుకున్నాము. రెక్క మీది ప్లాస్టిక్ పొర పైకి బాగానే ఉన్నచోట కూడా లోపల కర్ర చీలి ఉండవచ్చును. అందుచేత దెబ్బ తగిలిన చుట్టుపక్కల పొర ఒలిచి చూశాము. మిగిలిన కర్రలను చెవి దగ్గర పెట్టుకొని మెల్లగా వంచితే, చీలిక ఉన్నచోట చిటుకుమని వినబడినది. సర్వోలను ఒక్కొక్కటి తిప్పి లోపలి పళ్ళచక్రము అరిగినదా అని విన్నాము. మోటారు ఇరుసు వంగలేదని తిప్పి చూశాము. పంకాకు అంచున చిన్న గంటు పడినది. అది అతకదగినది కాదు, మార్చవలసినదే. నిమిషమునకు వేలసార్లు తిరిగేది ఊడి వస్తే ప్రమాదము.

లెక్క తేలినది. కింది ఎడమ రెక్క వెన్నుకర్ర ఒకచోట విరిగినది. రెండు నిట్రాళ్ళు పోయినవి. మోటారు బిగించే ప్లైవుడ్ పలక ఊడినది. తోక పలక చీలినది. పక్కటెముకలు అయిదు విరిగినవి. అయిదూ బావగారు కోసినవే.

ఆ అయిదింటినీ అతికి తీరాలని మేనల్లుని పట్టుదల. రెండు తిన్నగా విరిగినవి గనుక పలుచని జిగురుతో చక్కగా అతుకుకొన్నవి. మిగిలిన మూడు నలిగిపోయినవి. మా ఊరి వడ్రంగిని పిలిచి చూపాము. ఆయన కళ్ళజోడు సర్దుకొని, "అయ్యగారూ, ఇక్కడ చెక్క నలిగి పిండి అయిపోయింది. జిగురు పట్టుకునేది చెక్కనే కదా, చెక్క లేనిచోట దేన్ని పట్టుకుంటుంది?" అన్నాడు. తరువాత ఒక ముక్కను వెలుతురుకు ఎత్తి, "ఈ గాడి చూడండి. వెన్నుకర్ర దూరే చోటు ఒక పిసరు బిగువుగా ఉంచాడు, జిగురు తక్కువ పట్టాలని. చేతి తెలివి ఉన్న మనిషి" అన్నాడు. అబ్బాయి ఆ ముక్కను మరల చేతిలోకి తీసుకొని చాలాసేపు చూశాడు.

వడ్రంగే దారి చెప్పాడు. నలిగిన ముక్కలను కాగితము మీద వాటి వాటి చోట పేర్చి, సన్నని పెన్సిలుతో చుట్టూ గీత గీయించాడు. పోయిన మేరను బాగున్న ముక్క చూసి పూర్తిచేయించాడు. ఆ గీత ప్రకారము కొత్త చెక్క కోయాలి. కోసే పని మా చిన్నవాడు అడిగి తీసుకున్నాడు. మొదటి రెండు ముక్కలు వాడి చేతిలోనే విరిగినవి. బాల్సా దక్షిణ అమెరికాలో, ముఖ్యముగా ఈక్వడార్‌లో, త్వరగా పెరిగే చెట్టు. కర్ర ఎంత తేలికో అంత సున్నితము, కత్తిని కొంచెము గట్టిగా అదిమితే పోతుంది. అంతవరకు దూరముగా ఉన్న మేనల్లుడు వచ్చి పక్కన కూర్చున్నాడు. "ఒరే, ఒక్కసారే తెగాలని అదమకు. మెల్లగా నాలుగుసార్లు లాగు. మూడింటినీ గుండుసూదులతో కలిపి ఒకేసారి రుద్దు. గాడి ఆఖరున కొయ్యి. నాన్న అలాగే చేసేవాడు" అన్నాడు. మా సతీమణి కాఫీ తెచ్చి, ఇద్దరి తలలూ ఒకే చెక్క మీద వంగి ఉండుట చూసి, అక్కడ పెట్టి మాట్లాడకుండా వెళ్లిపోయినది.

వెన్నుకర్ర విరిగినచోట అటు ఇటు సన్నని ప్లైవుడ్ బద్దలు ఆనించి ఆరాల్డైటుతో అతికాము. బద్దల కొసలను ఏటవాలుగా పలుచన చేయాలి. మొద్దుగా వదిలితే తరువాతి దెబ్బకు బద్ద ముగిసినచోటే కర్ర విరుగుతుంది. మరీ బలముగా చేసినా అంతే, అతుకు నిలుస్తుంది గాని పక్కనున్నది పోతుంది. పైగా బరువు పెరుగుతుంది.

బైప్లేను బాగుచేయుటలో అన్నిటికన్న ఓపిక కావలసినది రెక్కలను నిలబెట్టే దగ్గరే. పై రెక్క, కింది రెక్క, వాటి మధ్య నిట్రాళ్ళు కలిసి రైలు వంతెన చట్రము వంటివి. 1896 లో ఆక్టేవ్ షనూట్ అనే వంతెనల ఇంజనీరు తన గ్లైడరు రెక్కలకు ఈ పద్ధతి వాడాడు. రైట్ సోదరులు దానినే అనుసరించారు. ఒక నిట్రాడు రెండు మూడు మిల్లీమీటర్లు పొట్టిదైనా రెక్క వాలు మారిపోయి విమానము ఒకవైపుకు లాగుతుంది. మేము ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రి పునాదికి చేసినట్లే చేశాము. తోక నుండి రెండు రెక్కల కొసలకు దారము పట్టి సమానమా అని చూశాము. చట్రములో మూల నుండి మూలకు దారము పట్టి చూశాము. ఎడమ పక్కను సరిచేయుటకు కుడి పక్కే మాకు కొలబద్ద. చెదరని కుడివైపు నిట్రాళ్ళను చూసి ఎడమవి చేశాము. జిగురు ఆరకముందే మూడుసార్లు కొలిచాము.

తరువాత ఇస్త్రీపెట్టెను తక్కువ వేడిలో పెట్టి కొత్త పొర అంటించాము. వేడికి పొర ముడుచుకొని బిగుస్తుంది. పైన బిగించి కింద వదిలితే రెక్క మెలితిరుగుతుంది, కనుక రెండు వైపులా సమముగా బిగించాలి. ఆఖరున తూకము. ప్లానులో గుర్తించిన చోట రెక్క కింద రెండు వ్రేళ్ళు పెట్టి లేపితే విమానము సమముగా నిలవాలి. మాది తోక బరువై కూర్చున్నది. తోకకు పెట్టిన అతుకు 4 గ్రాములే, కాని తోక ఆ గుర్తుకు ముక్కుకంటె మూడు రెట్లు దూరము. అందుచేత ముక్కున 12 గ్రాములు పెట్టవలసి వచ్చినది. చేపల వలకు కట్టే సీసపు గుళ్ళు అందుకు పనికివచ్చినవి.

తొమ్మిదవ రోజుకు పని ముగిసినది. రిమోట్ కుడికి తిప్పితే కుడి రెక్క వెనుక పలక పైకి లేస్తున్నదా అని చూశాము. తీగలు అటుదిటు కలిపితే బాగుచేసిన విమానము మొదటి నిమిషములోనే మరల పడుతుంది. రిమోట్ బలము తగ్గించే మీట నొక్కి దూరము నడిచి, విమానము మాట వింటున్నదా అని పరీక్షించారు. మొదట మేనల్లుడే ఎగురవేశాడు. దిగేటప్పుడు మోటారు పూర్తిగా ఆపక, కొంచెము తిరుగుచుండగానే నేలకు తెచ్చాడు. మావాడు వారము రోజులు కంప్యూటరులో అభ్యాసము చేసిన తరువాత, రెండు రిమోట్లు జతచేసి చేతికిచ్చారు. అలా చేస్తే నేర్చుకొనేవాడు తడబడిన క్షణములో నేర్పేవాడు విమానమును తన అదుపులోనికి తీసుకోగలడు. ఇటువంటి ముచ్చట ఉన్న పిల్లల తల్లిదండ్రులు 2021 డ్రోన్ నియమములను కూడా తెలుసుకోవాలి. వినోదము కొరకు ఎగురవేసే నమూనా విమానమును కంటికి కనిపించే మేరలోనే ఉంచాలి. విమానాశ్రయముల దాపున, నిషేధించిన ప్రాంతములలో ఎగురవేయకూడదు.

సెలవులు ముగిసే ముందు మా అక్కగారు కొడుకును తీసుకొనిపోవుటకు వచ్చినది. విమానము వరండాలో దూలమునకు వ్రేలాడుచున్నది. సాయంత్రపు ఎండ కింది రెక్కలోనుండి పడి పక్కటెముకలు ఒక్కొక్కటిగా కనబడుచున్నవి. ఆమె దాని కింద నిలబడి వ్రేలితో లెక్కపెట్టినది.

"ఆయనవి ఎన్ని మిగిలాయిరా?"

"పదిహేను అమ్మా."

"మిగతా మూడు?"

"నాన్నవి పెట్టి గీత గీసి కోశాము. తమ్ముడు కోశాడు."

ఆమె మా చిన్నవాణ్ణి దగ్గరకు పిలిచి, వాడి వ్రేలి మీద కత్తి గాటు చూసి, పసుపు పెట్టారా అని అడిగినది. పొయ్యి మాట మరల ఎత్తలేదు.

రైట్ సోదరుల విమానము సంగతి ముగించి చెప్పాలి. 1903 డిసెంబరు 17 న నాలుగవసారి దిగిన తరువాత నిలిచియుండగా పెనుగాలి దానిని దొర్లించి విరగగొట్టినది. అది మరెన్నడు ఎగరలేదు. ముక్కలను మాత్రము పెట్టెలలో కట్టి ఇంటికి చేర్చారు. 1913 లో డేటన్ నగరమునకు వచ్చిన వరదలో ఆ పెట్టెలు రోజుల తరబడి నీటిలో, బురదలో మునిగినవి. అయినను ఆర్విల్ 1916 లో వాటిని శుభ్రపరచి, పోయినచోట కొత్తవి వేసి నిలబెట్టాడు. 1948 నుండి అది వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ సంస్థలో ఉన్నది. అతుకులున్నవని, కొత్త కర్ర పడినదని దానిని ఎవరూ వేరొక విమానము అనరు.

మా మేనల్లుడు పాత మూడు ముక్కలను పారవేయలేదు, డబ్బాలో దాచిపెట్టనూ లేదు. అట్ట మీద వాటి వాటి చోట అతికించి, పక్కన కొలతలు వ్రాసి, గాడి ఎంత బిగువుగా ఉండాలో గుర్తుపెట్టి, ప్లాను కాగితముతో కలిపి ఉంచాడు. ఇంకొక పక్కటెముక విరిగిననాడు మావాడు దానిని చూసి కోసుకోవచ్చును.